మిడ్-1లో 11 వచ్చి, ఇంట్లో చెప్పలేకపోతున్న బీటెక్ అబ్బాయికి

బాబూ, నీ పరిస్థితిలో ఉన్న పిల్లలు ఇంకా చాలామంది ఇది చదువుతారు కాబట్టి, నువ్వు రాసినదాన్ని ముందు రెండు ముక్కల్లో చెబుతాను. ఇంటర్ రెసిడెన్షియల్ కాలేజీలో చదివావు, 940 మార్కులు వచ్చాయి. ఇప్పుడు జేఎన్‌టీయూ కాకినాడ పరిధిలోని ఒక కాలేజీలో సీఎస్‌ఈ మొదటి సెమిస్టర్‌లో ఉన్నావు. మిడ్-1లో, అంటే సెమిస్టర్ మధ్యలో కాలేజీ పెట్టే మొదటి పరీక్షలో, లెక్కల్లో 30కి 11 వచ్చాయి. జ్వరం, వినాయక చవితి, క్లాసంతా కలిసి ఎగ్గొట్టిన రెండు మాస్ బంకులు కలిసి అటెండెన్స్ 60 శాతం దగ్గరుంది. "ఫస్ట్ ఇయర్ లైట్ తీస్కో, అసలు చదువు థర్డ్ ఇయర్‌లోనే" అని సీనియర్లు అంటున్నారు. మార్కుల సంగతి ఇంట్లో చెప్పలేదు. బీటెక్‌లో అందరూ పడే గోతులేంటి, వాటిలో పడకుండా ఎలా ఉండాలి అని అడిగావు.

నేను 22 ఏళ్లుగా ఇంజినీరింగ్ కాలేజీల్లో మొదటి సంవత్సరం పిల్లలకు లెక్కలు చెబుతున్నాను. క్లాస్ కౌన్సెలర్‌గా అటెండెన్స్ రిజిస్టర్లు, తల్లిదండ్రుల ఫోన్ నంబర్లు నా చేతిలోనే ఉంటాయి. నీ ప్రశ్న చదువుతుంటే 11 దగ్గర నేను ఆగలేదు. ప్రతి సెక్షన్‌లో పదిహేను ఇరవై మందికి మిడ్-1లో అంతే వస్తాయి. ఇంట్లో చెప్పలేదన్నావు చూడు, అక్కడ ఆగాను. దాని గురించి చివర్లో వివరంగా చెబుతాను. ముందు లెక్కలు చూద్దాం.

అటెండెన్స్ సంగతి. సెమిస్టర్‌కు సుమారు 90 పని దినాలు అనుకో. ఇప్పటికి 50 అయ్యాయి, నువ్వు 30 రోజులు వచ్చావు. పరీక్షలు రాయడానికి కావాల్సిన 75 శాతం రావాలంటే 90లో 68 రోజులు ఉండాలి. మిగిలినవి 40. వాటిలో 38 రోజులు కచ్చితంగా రావాలి. అంటే సెమిస్టర్ అయ్యేదాకా నీకు మిగిలిన సెలవులు రెండే. ఇంకో పది రోజులు ఇలాగే నడిపావనుకో, 60 రోజుల్లో 36 వచ్చినట్టు. శాతం అదే 60. కానీ మిగిలిన 30 రోజులూ ఒక్క పూట మానకుండా వచ్చినా 66 దగ్గర ఆగుతావు, 73 శాతం. ఈ రోజు అందుతున్నది పది రోజుల తర్వాత అందదు. పిల్లలు శాతాన్ని చూసి "పెద్దగా తగ్గలేదులే" అనుకుంటారు. చూడాల్సింది మిగిలిన రోజులను. అందులోనూ లెక్క పీరియడ్లలో వేస్తారు. మధ్యాహ్నం ల్యాబ్ ఒక్కటి ఎగ్గొడితే మూడు పీరియడ్లు పోతాయి, దాదాపు సగం రోజు.

65కి, 75కి మధ్య ఉంటే కండోనేషన్, అంటే తగ్గిన హాజరును మన్నించడం, ఉంది కదా అంటారు. ఉంది. సరైన కారణం, డాక్టర్ సర్టిఫికెట్ చూపించి, ఫీజు కట్టి అడగాలి, కాలేజీవాళ్లు ఒప్పుకోవాలి. అది నీ హక్కు కాదు. 65 కంటే తగ్గితే ఆ సెమిస్టర్ పరీక్షలే రాయనివ్వరు. ఇంటర్నల్స్ (కాలేజీలో వేసే మార్కులు) కూడా పోతాయి, వచ్చే ఏడాది జూనియర్లతో కలిసి మళ్లీ మొదటి నుంచి కూర్చోవాలి. ఈలోగా రెగ్యులేషన్ (యూనివర్సిటీ సిలబస్, పరీక్షల నియమాలు) మారితే కొత్త సబ్జెక్టులు నెత్తిన పడతాయి. మళ్లీ చదివే ఆ కాలానికి ఫీజు రీయింబర్స్‌మెంట్ ఉండదు, కట్టాల్సింది మీ నాన్నగారే. జ్వరం వచ్చిన రోజుల కాగితాలు ఉంటే రేపే మీ కౌన్సెలర్‌కు ఇచ్చెయ్. నెలాఖరున గుర్తొచ్చి ఆర్‌ఎంపీ దగ్గరకు పరుగెత్తి తెచ్చే సర్టిఫికెట్లు ఎలా ఉంటాయో మాకు చూడగానే తెలుస్తుంది.

ఇప్పుడు 11 సంగతి. మీ రెగ్యులేషన్‌లో ఇంటర్నల్స్‌కు 30, ఎక్స్‌టర్నల్‌కు, అంటే సెమిస్టర్ చివర యూనివర్సిటీ పెట్టే పరీక్షకు, 70. రెండు మిడ్లలో ఎక్కువ వచ్చినదానికి 80 శాతం, తక్కువ వచ్చినదానికి 20 శాతం వెయిటేజీ. మిడ్-2లో 25 తెచ్చుకున్నావనుకో, 25లో 80 శాతం 20, 11లో 20 శాతం 2.2. మొత్తం 22. మిడ్-1 బాగా రాసినవాడికీ నీకూ మధ్య పెద్ద తేడా ఉండదు. అసైన్‌మెంట్ మార్కులు 5 ఆ 30లోనే ఉన్నాయి, వాటిని పారేసుకోవడం తెలివితక్కువతనం. పాసవ్వాలంటే ఎక్స్‌టర్నల్‌లో 35 శాతం, అంటే 25 మార్కులు, రెండూ కలిపి 40 రావాలి. ఇంటర్నల్స్‌లో 22 ఉంటే 25 చాలు. మిడ్-2 కూడా వదిలేసి 11 దగ్గరే ఉంటే ఎక్స్‌టర్నల్‌లో 29 కావాలి. (హైదరాబాద్ జేఎన్‌టీయూ ఆర్22 రెగ్యులేషన్ పిల్లలు ఇది చదువుతుంటే మీ లెక్క వేరు. మీకు 40, 60. ఎక్స్‌టర్నల్‌లో 21, ఇంటర్నల్స్‌లో 14 కనీసం, మొత్తం 40.) ఇవన్నీ యూనివర్సిటీ వెబ్‌సైట్లో ఉండే రెగ్యులేషన్ పుస్తకంలో ఉంటాయి. నాలుగేళ్లలో దాన్ని ఒక్కసారైనా తెరిచి చూసే విద్యార్థి సెక్షన్‌కు ఒక్కడు కూడా ఉండడు, అందరూ సీనియర్ చెప్పింది నమ్ముతారు. ఆ సీనియర్‌ది పాత రెగ్యులేషన్. హాజరు, పాస్ మార్కులు, తర్వాతి సంవత్సరానికి వెళ్లడానికి కావాల్సిన క్రెడిట్లు, రీవాల్యుయేషన్ గడువు, ఈ నాలుగు చోట్ల చదువు చాలు.

940 తెచ్చుకున్నవాడివి 11కి ఎందుకు పడిపోయావు? బద్ధకం వల్ల అని నేను అనను. ఇంటర్‌లో తెల్లవారుజామున బెల్లు కొట్టి లేపారు. స్టడీ అవర్‌లో వార్డెన్ వెనకే నిలబడ్డాడు. వారం వారం పరీక్ష, మార్కులు ఇంటికి మెసేజ్. నీ చదువుకు రెండేళ్లు ఎవరో కాపలా కాశారు. ఇక్కడ సాయంత్రం నాలుగు తర్వాత నిన్ను అడిగే మనిషి లేడు. తనంతట తాను కూర్చుని చదవడం నీకు ఎవరూ నేర్పలేదు. అది ఇప్పుడే నేర్చుకోవాలి, మొదట్లో చేతకాదు. రోజూ ఒకే వేళకు, ఒకే చోట, గంటన్నర కూర్చో. హాస్టల్ గదిలో కుదరదు, మంచం కనిపిస్తుంది, పక్కవాడు పబ్జీ ఆడుతుంటాడు. లైబ్రరీయో, ఖాళీ క్లాస్‌రూమో చూసుకో. ఫోన్ గదిలో వదిలేసి వెళ్లు.

రెండో కారణం, లెక్కలు రాసే పద్ధతి. ఈఏపీసెట్‌లో మూడు గంటల్లో 160 బిట్లు. జవాబు తెలిస్తే చాలు, దారి ఎవరికీ అక్కర్లేదు. నా దగ్గర ఒక అమ్మాయి మిడ్‌లో 3×3 మాత్రికకు ఐగెన్ విలువలు 1, 2, 3 అని నేరుగా రాసింది. వికర్ణం మొత్తం 6, నిర్ధారకం 6, సరిపోయాయి కదా అంది. జవాబు ఒప్పే. కానీ లాక్షణిక సమీకరణం రాయలేదు, ఒక్కో విలువకు ఐగెన్ వెక్టర్ కట్టలేదు. పదింటికి మూడు వేశాను. పిల్లకు ఏడుపొచ్చింది. యూనివర్సిటీ పేపర్ దిద్దేవాళ్లు మెట్టు మెట్టుకూ మార్కు వేస్తారు. మాత్రికకు ర్యాంక్ కట్టేటప్పుడు ప్రతి వరస పక్కన ఏ రో నుంచి ఏది ఎన్నిరెట్లు తీశావో రాయి. మూడో వరసలో కూడిక తప్పినా పద్ధతికి సగం పైన మార్కులొస్తాయి. ఏమీ రాయకుండా మాత్రిక తర్వాత మాత్రిక వేసుకుంటూ పోతే, తప్పు ఎక్కడ జరిగిందో దిద్దేవాళ్లకూ తెలియదు, నీకూ తెలియదు.

ముందురోజు రాత్రి ఆల్-ఇన్-వన్ పట్టుకుంటే థియరీ సబ్జెక్టులు ఎలాగోలా గట్టెక్కుతాయేమో గానీ లెక్కలకు అది పనిచెయ్యదు. పుస్తకం మూసి, తెల్ల కాగితం మీద, రోజుకు రెండు లెక్కలు చెయ్. మధ్యలో ఆగిపోతే పుస్తకం తెరిచి చూడు, మళ్లీ మూసి మొదటి నుంచి చెయ్. యూట్యూబ్‌లో సార్ చేస్తుంటే చూడటం వేరు, మన చేయి చెయ్యడం వేరు. ఎన్‌పీటెల్‌లో ఐఐటీ ప్రొఫెసర్ల పాఠాలు ఉచితంగా ఉన్నాయి, మంచివే. అవి కూడా పెన్ను పట్టుకుని చూస్తేనే ఉపయోగం. నెల రోజులకు అరవై లెక్కలు. ఎక్స్‌టర్నల్‌లో ప్రతి యూనిట్ నుంచి ఒక పెద్ద ప్రశ్న, దానికి ఛాయిస్ ఉంటాయి కాబట్టి ఆ అరవైతో నువ్వు ఒడ్డున పడతావు.

ఇక్కడ ఒక మాట తెలుగు మీడియం నుంచి వచ్చిన పిల్లలకు. క్లాసులో సందేహం వస్తే తెలుగులోనే అడగండి. ఇంగ్లిష్‌లో వాక్యం కుదుర్చుకునేలోపు నేను బోర్డు తుడిచేస్తున్నాను, మీరు అక్కడే ఆగిపోతున్నారు. భాష ఏడాదిలో వస్తుంది. ఆగిపోయిన యూనిట్ తిరిగి రాదు.

"ఫస్ట్ ఇయర్ లైట్" అన్నవాళ్ల గురించి. బీటెక్‌కు సుమారు 160 క్రెడిట్లు ఉంటే అందులో నాలుగో వంతు ఈ ఏడాదిలోనే. మీ సీజీపీఏకి పునాది అదే. క్యాంపస్‌కు వచ్చే కంపెనీలు చాలావరకు ముందే ఒక గీత గీస్తాయి, పదో తరగతి నుంచి 60 శాతం ఉండాలి, యాక్టివ్ బ్యాక్‌లాగ్ (ఇంకా పాసవకుండా మిగిలిన సబ్జెక్టు) ఉండకూడదు అని. ఆ గీత దగ్గర ఆగిపోయినవాడికి కోడింగ్ ఎంత వచ్చినా లోపలికి పిలుపు రాదు. పైగా సప్లీ, అంటే పోయిన సబ్జెక్టు మళ్లీ రాసే పరీక్ష, ఒంటరిగా రాదు. వచ్చే సెమిస్టర్ పరీక్షల మధ్యలోనే దాని తేదీ పడుతుంది. ఉదయం కొత్త సబ్జెక్టు, మధ్యాహ్నం పాతది. రెండూ సగం సగం. నేను చూసిన ఎనిమిది, పది బ్యాక్‌లాగుల పిల్లల్లో దాదాపు అందరిదీ మొదలు ఒక్క ఎం-1 (మొదటి సెమిస్టర్ లెక్కలు) సప్లీయే.

మిగతా వాటి మీద ఎక్కువ చెప్పను. ప్రోగ్రామింగ్ ల్యాబ్‌లో చాట్‌జీపీటీతో రాయించుకుని రికార్డు నింపుతున్నారు. ల్యాబ్ ఎగ్జామ్‌లో ఫోన్ బయట పెట్టిస్తారు, ఫర్ లూప్ కూడా రాయలేక కూర్చున్నవాళ్లను ఈ ఏడాదే చూశాను. ముందు నువ్వు రాయి, తప్పు ఎక్కడుందో అప్పుడు దాన్ని అడుగు. నాలుగో ఏడాదిలో డబ్బిచ్చి ప్రాజెక్టు కొనుక్కోవడం కూడా ఇలాంటిదే. ఇంటర్వ్యూలో డేటాబేస్‌లో ఈ టేబుల్ ఎందుకు పెట్టావని ఒక్క ప్రశ్న వేస్తే గొంతు తడారిపోతుంది. ర్యాగింగ్ అయితే ఒక్క రోజు కూడా ఓర్చుకోవద్దు. మన రాష్ట్రంలో 1997 నుంచే దానికి చట్టం ఉంది, యూజీసీ హెల్ప్‌లైన్ 1800-180-5522, పేరు చెప్పకుండా కూడా ఫిర్యాదు చేయొచ్చు. నిద్ర పట్టకుండా, బతకాలనిపించకుండా ఉంటే 14416కి ఫోన్ చెయ్. టెలి మానస్ అంటారు, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. ఇది సిగ్గుపడే సంగతి కాదు నాన్నా.

డబ్బు గురించి మాత్రం గట్టిగా చెప్పాలి. "నీ బ్యాంకు ఖాతా, ఏటీఎం కార్డు మాకు వాడుకోనివ్వు, నెలకు ఐదు వేలు ఇస్తాం" అని హాస్టళ్ల చుట్టూ తిరిగేవాళ్లున్నారు. ఆ ఖాతాలోకి వచ్చేది సైబర్ మోసాల్లో ఎవరో ముసలాయన పోగొట్టుకున్న సొమ్ము. ఖాతా నీ పేరున ఉంది కాబట్టి పోలీసులు ముందు వచ్చేది నీ దగ్గరికే. ఎక్కడో వేరే రాష్ట్రంలో కేసు, ఇంజినీరింగ్ మధ్యలో కోర్టు వాయిదాలు. ఇప్పటికే ఇచ్చేసి ఉంటే ఈ రోజే బ్యాంకుకు వెళ్లి ఖాతా ఆపించు, సైబర్ పోలీసులకు నువ్వే ముందుగా చెప్పు. నీ సొమ్మే పోతే 1930కి వెంటనే ఫోన్ చెయ్యాలి. ఐపీఎల్ బెట్టింగ్, రమ్మీ యాప్‌లు సరదాకే అంటారు. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో చట్టం మార్చి ఆన్‌లైన్ జూదాన్ని నిషేధించాయి, 2025లో కేంద్రం కూడా డబ్బు పెట్టి ఆడే ఆటలన్నిటినీ నిషేధిస్తూ చట్టం తెచ్చింది. అయినా దొడ్డిదారిన నడుస్తూనే ఉన్నాయి. మెస్ ఫీజుకు ఇచ్చిన డబ్బు అందులో పెట్టిన పిల్లలు నాకు తెలుసు.

ఇక, ఇంట్లో చెప్పకపోవడం గురించి.

కొన్నేళ్ల కిందట నా సెక్షన్‌లో ఒక అబ్బాయి ఉండేవాడు. నెమ్మదస్తుడు, రెండో బెంచీ. మొదటి సెమిస్టర్‌లో ఎం-1 మూడు మార్కులతో పోయింది. ఇంట్లో పాసయ్యానని చెప్పాడు. చెప్పాక సప్లీ ఫీజుకు డబ్బు అడగడానికి దారి లేదు కదా. మొదటిసారి రూమ్మేట్ దగ్గర తీసుకున్నాడు. రెండోసారి మళ్లీ పోయింది, ఇంకో సబ్జెక్టు తోడైంది. ఈసారి ఫోన్‌లో లోన్ యాప్ దించుకున్నాడు. మూడు వేలు అప్పు, చేతికి వచ్చింది రెండు వేల లోపు, ఏడు రోజుల్లో మూడు వేలూ కట్టాలి. అది కట్టడానికి ఇంకో యాప్. యాప్ దించుకున్నప్పుడే ఫోన్‌లోని నంబర్లన్నీ వాళ్లకు చేరిపోయాయి. గడువు దాటగానే ఆ పిల్లాడి ఫొటో పెట్టి, దొంగ అని రాసి, చుట్టాలందరికీ పంపారు. ఆ మెసేజ్ తండ్రికి తన బావమరిది ఫోన్‌లో కనిపించింది.

ఆయన పత్తి రైతు. మర్నాడు పొద్దున తొమ్మిదికల్లా మా డిపార్ట్‌మెంట్ బయట బెంచీ మీద కూర్చుని ఉన్నారు. లోపలికి రమ్మంటే చెప్పులు గుమ్మం దగ్గర విడిచి వచ్చారు. ఫోన్ నా చేతికిచ్చి, ఇందులో ఏం రాశారో చదివి చెప్పమన్నారు. నేను కంప్యూటర్‌లో కొడుకు ఫలితాలు తీసి, ఒక్కో సబ్జెక్టూ తెలుగులో చెప్పాను. నాలుగు పోయాయి అప్పటికి. మొదట పోయింది ఏది, ఎన్ని మార్కులతో అని అడిగారు. మూడు అన్నాను. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "మూడు మార్కులే గదమ్మా. నాకు చెప్తే ఏం జేసేవాణ్ణి వాణ్ణి?" అన్నారు. నాకు జవాబు దొరకలేదు.

ఆ వ్యవహారంలో నా తప్పూ ఉంది. అటెండెన్స్ తగ్గినప్పుడు, ఫెయిలైనప్పుడు రిజిస్టర్‌లో ఉన్న తండ్రి నంబర్‌కు నేను రెండుసార్లు ఫోన్ చేశాను. "చూసుకుంటాను మేడం" అని ఎవరో పెద్దమనిషి గొంతుతో అన్నారు. అది హాస్టల్లో ఉండే సీనియర్ గొంతు. పిల్లాడు చేరిన రోజే ఆ నంబర్ ఇచ్చాడు. నేను సరిచూసుకోలేదు. అప్పటి నుంచి కొత్త బ్యాచ్ రాగానే క్లాసులో పిల్లల ఎదురుగానే ఒక్కో నంబర్‌కూ ఫోన్ చేస్తాను. ఆ అబ్బాయి నిలదొక్కుకున్నాడు. అప్పు సంగతి వాళ్ల నాన్నగారు పోలీసుల దగ్గరికి వెళ్లి తేల్చారు. సాయంత్రాలు నా దగ్గర కూర్చుని ఎం-1 చేశాడు, తోటివాళ్ల కంటే ఏడాది ఆలస్యంగా పట్టా తీసుకున్నాడు. కానీ ఆ రెండేళ్లూ రాత్రిళ్లు ఎలా గడిచాయో వాడు నాకు చెప్పాడు. అందుకే నీకు ఇంత రాస్తున్నాను.

మార్కులు తగ్గడం వల్ల ఎవరి చదువూ పాడవడం నేను చూడలేదు. తగ్గినదాన్ని దాచడం మొదలుపెట్టాక, దాన్ని కాపాడటానికి మరొకటి, దానికోసం ఇంకొకటి, అలా వెళ్లిపోయినవాళ్లనే చూశాను. దాచిన సంగతి చదువుకు కావాల్సిన టైమంతా తినేస్తుంది. మాస్టారి దగ్గరికి వెళ్లి సందేహం అడగాలన్నా జంకు, ఎక్కడ ఇంటికి ఫోన్ చేస్తారోనని. క్లాసుకు రావడం తగ్గుతుంది. నీ అటెండెన్స్ 60కి రావడంలో మిడ్-1 మార్కులు ఇచ్చాక మానేసిన రోజులు ఎన్ని ఉన్నాయో ఒకసారి లెక్క చూసుకో.

కొన్ని ఇళ్లల్లో చెబితే దెబ్బలు పడతాయి, చదువు మానిపిస్తామంటారు, అదీ నాకు తెలుసు. ముఖ్యంగా ఆడపిల్లలకు పెళ్లి మాట వస్తుంది. అలాంటప్పుడు ముందు కౌన్సెలర్‌కో, నీకు నమ్మకం ఉన్న ఒక మాస్టారికో చెప్పు. ఇంటికి వాళ్లనే మాట్లాడమను. ఇలాంటి ఫోన్లు నేను చాలా చేశాను. ఫలానా తేదీకి ఇలా సరిచేసుకుంటాడు అని మా నోటి నుంచి వింటే చాలామంది తల్లిదండ్రులు మెత్తబడతారు.

నీ ఉత్తరం చదివితే మీ ఇంట్లో అంత భయం ఉన్నట్టు అనిపించలేదు. వాళ్లు బాధపడతారనే నీ దిగులు. ఈ ఆదివారం ఊరికి వెళ్లు. ఫోన్‌లో వద్దు, ఎదురుగా కూర్చుని చెప్పు. మిడ్-1 పేపర్ తీసుకెళ్లు. దానితోపాటు ఒక కాగితం మీద, మిగిలిన 40 రోజుల్లో 38 రోజులు, మిడ్-2లో 25, రోజుకు రెండు లెక్కలు అని రాసి పట్టుకెళ్లు. అమ్మ ముందు కంగారు పడుతుంది, పడనీ. నాన్నగారు ఓ పూట మాట్లాడకపోవచ్చు. రాత్రి బస్సెక్కేసెయ్, సోమవారం మొదటి పీరియడ్‌కు క్లాసులో ఉండాలి. ఊరి నుంచి వచ్చాక మాత్రికల్లో ఎక్కడ ఆగిపోతున్నావో ఒక లెక్క చేసి, కొట్టివేతలతో సహా ఆ కాగితం ఫొటో ఇక్కడే పెట్టు. చూసి చెబుతాను.